వాకాడు మేనల్లుడికి, పెద్ద కారు కొనే విషయంలో

చిరంజీవి మేనల్లుడికి,

నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు. ఈసారి రొయ్య కౌంటు బాగా వచ్చిందనీ, నువ్వు పెద్ద కారు కొనాలని చూస్తున్నావనీ అక్క చెప్పింది. బెంజి, బీఎండబ్ల్యూ, ఆడి, లెక్సస్ అంటూ నువ్వు పంపిన పేర్లు చూశాను. ఇన్నేళ్లు కార్ల షెడ్డు నడిపినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది దాచకుండా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఒక కంపెనీకి పేరు తెచ్చిన కార్లు వేరు, ఆ పేరు మీద ఇప్పుడు అమ్ముడుపోతున్న కార్లు వేరు. మన వైపు పెళ్లి పందిరి ముందు బెంజి ఆగితే అందరూ తల తిప్పి చూస్తారు. ఆ గౌరవం చాలావరకు 1980ల్లో, 1990ల మొదట్లో ఆ కంపెనీ చేసిన కార్లు సంపాదించిపెట్టింది. జర్మనీలో టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగిన బండ్లవి. 1995లో పుణెలో తయారవడం మొదలైన బెంజి ‘ఈ-క్లాస్’ (E-Class) మోడలు కూడా ఆ తరానిదే. ఆ తర్వాత కార్లలో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి, వాటితో తలనొప్పులూ పెరిగాయి. 2005లో బ్రేకులు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్, బ్యాటరీ సమస్యల వల్ల ఆ కంపెనీ దాదాపు 13 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. ఆ సంగతి మన పెళ్లి పందిళ్ల దాకా రాలేదు. ఇప్పటి బెంజి మంచిది కాదని నేననడం లేదు. గుర్తు మీద ఉన్న గౌరవాన్ని లోపలున్న ఇంజనుకు పూచీగా తీసుకోవద్దంటున్నాను.

లెక్సస్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడింది. టొయోటా 1989లో ఆ పేరు మొదలుపెట్టినప్పుడు దానికి పాత కీర్తి ఏదీ లేదు. మొదటి కారు ఎల్ఎస్ 400 అమ్మకానికి వచ్చిన కొద్ది నెలలకే ఒకటి రెండు ఫిర్యాదులు వస్తే, అప్పటికి అమ్మిన దాదాపు 8,000 కార్లనూ సరిచేయడానికి పూనుకున్నారు. మెకానిక్కులు యజమానుల ఇళ్లకు వెళ్లి బండి తీసుకెళ్లి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి ఇచ్చారు. పేరు అంటే అలా సంపాదించాలి. ఆ ఒక్క పని గురించి చదివినప్పటి నుంచీ నాకు ఆ కంపెనీ మీద గౌరవం. మన దేశంలోకి అది 2017లో గానీ రాలేదు. అందుకే వాకాడులో ఆ గుర్తు చూసి ఎవరూ గుర్తుపట్టరు. మామగారి ఊళ్లో దిగినప్పుడు “ఇదేం కారు?” అని అడిగితే నీకు చిన్నతనంగా అనిపిస్తుందా లేదా అన్నది నువ్వే తేల్చుకోవాలి. అది చిన్న విషయం కాదు. డబ్బు పెట్టేది నువ్వు, ఆ ముచ్చట కూడా నీదే.

నమ్మకం మాటకొస్తే, అమెరికాలో జె.డి. పవర్ అనే సంస్థ మూడేళ్లు నడిచిన కార్ల యజమానులను ఏటా అడిగి వంద కార్లకు ఎన్ని సమస్యలో లెక్కగడుతుంది. 2023, 2024, 2025లో వరుసగా లెక్సస్‌దే మొదటి స్థానం. అయితే ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఫోను కారు తెరకు కలవకపోయినా ఒక సమస్యే, గేరుబాక్సు పోయినా ఒక సమస్యే. పైగా అది మూడేళ్ల బండి లెక్క. వారంటీ అయిపోయాక, ఏడో ఏటో ఎనిమిదో ఏటో వచ్చే పెద్ద ఖర్చు అందులో కనబడదు. నీలాగా కొన్న బండిని పదేళ్లు అట్టిపెట్టుకునేవాడికి కావలసింది ఆ లెక్కే.

అందుకే బ్రాండును కాదు, మోడలును, ఇంజనును, ఏడాదిని అడగమంటాను. బీఎండబ్ల్యూనే తీసుకో. 2007 నుంచి కొన్నేళ్లు 320డి వంటి కార్లలో పెట్టిన ఎన్47 డీజిల్ ఇంజనుకు టైమింగ్ చైను (ఇంజను లోపలి భాగాలను ఒకే తాళంలో తిప్పే గొలుసు) అరిగిపోతుందన్న చెడ్డపేరు ఉంది. ఆ చైను ఇంజను వెనక, గేరుబాక్సు వైపు ఉంటుంది. మార్చాలంటే పెద్ద పని, పెద్ద బిల్లు. అదే కంపెనీ 2015లో తెచ్చిన బీ58 ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనును మెకానిక్కులు మెచ్చుకుంటారు. గుర్తు ఒకటే, నీ జేబు మీద పడే భారం మాత్రం వేరు. హేచరీకి ఎంత మంచి పేరున్నా ప్రతి బ్యాచి రొయ్యపిల్లకూ రోగం ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయించాకే కదా గుంటలో వదులుతావు, ఇదీ అంతే.

ఆడి గురించి పెద్దగా చెప్పేది లేదు. అది ఫోక్స్‌వ్యాగన్ వాళ్లది కాబట్టి దాని రెండు లీటర్ల పెట్రోలు ఇంజను స్కోడా సూపర్బ్‌లోనూ కనిపిస్తుంది. ఆ ఇంజను తెలిసిన చెయ్యి దొరకడం కొంత సులువు.

ఇక మన నేల సంగతి. బీఎండబ్ల్యూల్లో చాలావాటికి స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. గాలి పోయాక 80 వేగం దాటకుండా 80 కిలోమీటర్లు నడపవచ్చంటారు. నెల్లూరు నుంచి ఒంగోలుకే దాదాపు 120. పైగా ఆ సైజు టైరు దారిలో ప్రతి దుకాణంలోనూ ఉండదు. గాలి బుడగల సస్పెన్షన్ ఉన్న బండ్లు కూర్చోవడానికి హాయి, కానీ రబ్బరు పాతబడ్డాక గాలి కారిందంటే బండి ఒక పక్కకు ఒరిగిపోతుంది. గుంటల కట్ట మీదికి, ఉప్పునీటిలోకి ఇలాంటి కారు ఏదీ తీసుకుపోవద్దు, దానికి నీ బొలెరో ఉంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవేనే కొట్టుకుపోయింది, గుర్తుందా? అలాంటి నీళ్లలో బండి నడిపితే ఇంజనులోకి నీరు పీల్చుకుని లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు బీమా ఆ నష్టానికి సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఇంజను రక్షణ కవరు విడిగా తీసుకో, వద్దన్నా వినకు. అధీకృత సర్వీసు సెంటరు చెన్నైలో ఉందా, విజయవాడలో ఉందా, బండి ఆగిపోతే లారీ మీద ఎక్కించుకుపోయే ఖర్చు ఎవరిది అన్నది కూడా రాతపూర్వకంగా అడుగు.

బెంజిలో కొత్త సీ క్లాసు డబ్బుకు, దానికన్నా పెద్దదైన ఎస్ క్లాసు ఐదేళ్లు వాడినది వస్తుందని నీ స్నేహితుడు చెప్పాడట. నిజమే, వస్తుంది. పాత ఎస్ క్లాసు ధర తగ్గుతుంది గానీ దాని విడిభాగాల ధర తగ్గదు. హెడ్‌లైటు ఒకటి పోయిందంటే కొత్త బండివాడు కట్టిన బిల్లే నువ్వూ కడతావు. ఆ బేరం వద్దు.

నన్నడిగితే లెక్సస్ ఈఎస్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉన్న కారు) తీసుకోమంటాను. 2020లో దాన్ని కర్ణాటకలోని బిడదిలోనే బిగించడం మొదలుపెట్టారు. అందులో టర్బో లేదు, మామూలు స్టార్టర్ మోటారు లేదు, క్లచ్చి లేదు. లేనిది చెడిపోదు. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ మాత్రం దుమ్ముతో మూసుకుపోకుండా చూసుకోవాలి. మనసు బెంజి మీదే ఉంటే దాన్ని చంపుకోవద్దు. కొత్తదే కొను, కొన్నరోజే పొడిగించిన వారంటీ కూడా తీసుకో, అది ముగిసేలోపు అమ్మెయ్.

ఇవన్నీ కాదని వాడిన బండే కొంటానంటే, అడ్వాన్సు ఇవ్వకముందే చాసిస్ నంబరుతో సర్వీసు రికార్డు తీయించి నాకు పంపు. చూడటానికి నేనూ వస్తాను, పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్దాం, వేడెక్కాక కొన్ని లోపాలు బయటపడవు. మనం వెళ్లేసరికే బండిని స్టార్టు చేసి వేడెక్కించి ఉంచారంటే, ఆ రోజుకు బేరం మాట్లాడకుండా వెనక్కి వచ్చేద్దాం.

ఇట్లు,
మీ మామయ్య