పిల్లలకి ఆటలు, ఇంట్లో ఒకటే కారు

సందేహం: మేము హైదరాబాద్ నుంచి డల్లాస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చి నాలుగు నెలలైంది. మా వారిది హెచ్-1, నాది హెచ్-4, అంటే డిపెండెంట్ వీసా. బాబుకి పదేళ్లు, పాపకి ఏడు. ఇద్దరికీ ఆటలంటే ప్రాణం. వాడు సాకర్, క్రికెట్ రెండూ కావాలంటాడు. అది ఈత, జిమ్నాస్టిక్స్ అంటుంది. ఒకటే కారు, నాకింకా లైసెన్స్ రాలేదు. పక్కింటి పిల్లలు వారంలో ఐదు రోజులు ప్రాక్టీసులో ఉంటారు. మావాళ్లు వెనకబడిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల అత్తయ్య, మామయ్య కూడా వస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: లైసెన్స్ దగ్గర మొదలుపెట్టండమ్మా. ఏ ఆట అన్నది తర్వాత చూద్దాం. ఇంట్లో రెండో డ్రైవర్ లేకుండా ఇద్దరు పిల్లల్ని ఆడించాలంటే మీ వారు రోజూ సాయంత్రం మీటింగ్ మధ్యలో లేచి రావాలి. కొత్త ఉద్యోగంలో అది ఎన్నాళ్లు సాగుతుంది? సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా హెచ్-4 వాళ్లకి టెక్సస్‌లో లైసెన్స్ ఇస్తారు. లైసెన్సులిచ్చే ఆఫీసు డీపీఎస్‌లో అపాయింట్‌మెంట్లే ఒక పట్టాన దొరకవు కాబట్టి ఇవాళే బుక్ చేసేసి, ఆ తేదీ వచ్చేలోపు ప్యారలల్ పార్కింగ్ చేయి తిరిగేదాకా ప్రాక్టీసు చేయండి. హైదరాబాద్‌లో బండి నడిపిన ధైర్యం ఇక్కడ కొంత అడ్డే. స్టాప్ సైన్ దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి.

ఆటల సంగతికొస్తే, ఈ ఏడాదికి ఇద్దరికీ చెరొక ఆట చాలు. అదీ ఇంటికి పది నిమిషాల దూరంలో దొరికేది. బాబుకి సాకర్, పాపకి ఈత అని నా ఓటు. ఈత ఆట అనే కాదు, ఇక్కడ ప్రతి అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులోనూ, ప్రతి బర్త్‌డే పార్టీలోనూ ఒక పూల్ ఉంటుంది. ఈత రాని ఏడేళ్ల పిల్లని కనిపెట్టుకుని ఉండటం ప్రాక్టీసుకి తిప్పడం కంటే కష్టం. జిమ్నాస్టిక్స్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు, ఎక్కడికీ పోదు.

పక్కింటివాళ్లని చూసి కంగారు పడేముందు ఇక్కడి పద్ధతి తెలుసుకోండి. పిల్లలు ఆడుకోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది రెక్, అంటే సరదాగా ఆడుకునే రిక్రియేషనల్ లీగ్. సిటీ పార్క్స్ డిపార్ట్‌మెంటో, వైఎంసీఏనో, ఊళ్లోని సాకర్ అసోసియేషనో నడుపుతుంది. వచ్చినవాళ్లందరినీ తీసుకుంటారు. వారానికి ఒకటి రెండు ప్రాక్టీసులు, శనివారం ఒక ఆట. కోచ్ ఎవరో కాదు, ఆ టీములో ఒక పిల్లవాడి నాన్నో అమ్మో. రెండోది క్లబ్, దాన్నే సెలెక్ట్ అంటారు. ట్రైఅవుట్లు (ఆడించి చూసి ఎంపిక చేయడం), జీతం తీసుకునే కోచ్, ఊళ్లు తిరిగే టోర్నమెంట్లు. మూడోది స్కూల్ టీము. టెక్సస్‌లో స్కూల్ ఆటల్ని యూఐఎల్ అనే సంస్థ చూస్తుంది, పోటీలు మామూలుగా ఏడో తరగతి నుంచి. అంటే మీ బాబుకి ఇంకా టైముంది. పక్కింటి పిల్లలు ఐదు రోజులూ వెళ్తున్నారంటే అది క్లబ్ అయ్యుంటుంది.

పదకొండు పన్నెండేళ్లదాకా రెక్ చాలన్నది నా అభిప్రాయం. మా వీధిలో చాలామంది ఒప్పుకోరు. ఎనిమిదేళ్లకే క్లబ్‌లో వేయకపోతే హైస్కూల్ టీములోకి రాడని గట్టిగా చెప్తారు. మనవాళ్లకి ఇది ఐఐటీ ఫౌండేషన్ కోర్సు మాటలాగే వినిపిస్తుంది కాబట్టి ఇట్టే నమ్మేస్తాం. పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2016లో ఇచ్చిన నివేదికలో దీనికి దాదాపు ఉల్టాగా చెప్పింది. ఒకే ఆటకి కట్టుబడిపోవడం 15, 16 ఏళ్లదాకా ఆపితే మంచిదట. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఏడాది మొత్తం మీద మూడు నెలలు ఆ ఆటకి సెలవు ఉండాలట. ఎదిగే ఎముకల మీద అదే కీలు, అదే కండరం ఏడాది పొడుగునా అరిగితే మోకాళ్లు, మడమలు నొప్పులంటారు.

డబ్బు లెక్క కూడా చూడండి. మా వైపు రెక్ సాకర్ సీజన్‌కి 150 డాలర్లు అటూ ఇటూ. క్లబ్ అయితే ఏడాదికి 2000, 3000 ఫీజు, యూనిఫాం వేరే, టోర్నమెంట్లు వేరే. టోర్నమెంట్లలో "స్టే టు ప్లే" అనే రూలు ఒకటుంటుంది. వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలి, చుట్టాలింట్లో ఉంటామంటే కుదరదు. ట్రైఅవుట్ అయిన సాయంత్రమే ఆఫర్ మెయిల్ వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో జవాబు చెప్పమంటారు. ఆ సంబరంలో సంతకం పెట్టేస్తే చాలా క్లబ్బుల్లో ఏడాది ఫీజు మొత్తానికీ ఒప్పుకున్నట్టే. నెలనెలా కట్టే వీలుంటుంది గానీ, నవంబర్‌లో పిల్లాడు మానేస్తానన్నా మిగతా నెలలు కట్టాల్సిందే. ఎప్పటికైనా క్లబ్‌కి వెళ్తే ఆ రిఫండ్ పేరా చదివాకే సంతకం.

రెక్‌లో చేర్పించడానికి పెద్ద తతంగం లేదు, తేదీ దాటకుండా చూసుకుంటే చాలు. సెప్టెంబర్‌లో మొదలయ్యే ఫాల్ సీజన్‌కి వేసవిలోనే పేర్లు తీసుకుంటారు. స్కూళ్లు తెరిచాక చూద్దాంలే అనుకుంటే వెయిట్‌లిస్టే. వయసు రుజువుకి పాస్‌పోర్ట్ కాపీ, మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్ స్కాన్ చేసి ఫోన్లో పెట్టుకోండి. సాకర్ వయసు లెక్క మారుతోంది, గమనించండి. ఇన్నాళ్లూ జనవరి నుంచి డిసెంబర్ దాకా పుట్టినవాళ్లు ఒక గ్రూపు. 2026-27 సీజన్ నుంచి ఆగస్టు 1 నుంచి వచ్చే జులై 31 దాకా ఒక గ్రూపు, స్కూల్ క్లాసులకి దగ్గరగా. ఫాంలో "ఏ గ్రూపు" అన్నది మీరు లెక్కగట్టకుండా పుట్టినతేదీ ఇచ్చి వాళ్లనే చెప్పమనండి.

సామాను కొత్తది కొనొద్దు. క్లీట్స్, అంటే అడుగున పళ్లున్న ఆట బూట్లు, నెలల్లో చిన్నవైపోతాయి. ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ లాంటి సెకండ్ హ్యాండ్ షాపుల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో సగానికి సగం ధరకి దొరుకుతాయి. సాకర్ క్లీట్స్‌కి ముందు బొటనవేలి దగ్గర పళ్లుండవు, బేస్‌బాల్‌వాటికి ఉంటాయి, అవి సాకర్‌కి పనికిరావు. మోకాలి కింద ముందువైపు కట్టుకునే షిన్‌గార్డు మేజోడు లోపలికి పోవాలి. బాబు వయసుకి 4వ నంబర్ బంతి. పదేళ్లు, ఆ లోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదన్నది యూఎస్ సాకర్ రూలు. వాడు యూట్యూబ్‌లో చూసి హెడర్ కొడితే రిఫరీ విజిలేస్తాడు, ముందే చెప్పి పంపండి.

అసలు కష్టం ఆటలో లేదు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్యలో ఉంది. స్కూల్ బస్సు దిగేసరికి నాలుగు, హోంవర్క్ బ్యాగులోనే ఉంటుంది, ఐదున్నరకి గ్రౌండ్లో ఉండాలి. అప్పుడు దోసెల పెనం పెట్టారంటే అయినట్టే. ప్రాక్టీసు రోజుల వంట ముందురోజు రాత్రే సగం అయిపోవాలి. మా ఇంట్లో మంగళ, గురువారాలు ఎప్పుడూ ఒకే మెనూ. నాలుగున్నరకి పొట్ట బరువెక్కకుండా రెండు ఇడ్లీలో, అరటిపండో. ఆట అయ్యాక కార్లోనే స్టీలు డబ్బాలో పులిహోర, చిన్న ఫ్లాస్కులో చల్లటి పెరుగన్నం. డ్రైవ్‌త్రూకి వెళ్లొద్దని కాదు, వారానికి రెండుసార్లు నలుగురికీ ఐతే ఆ ఖర్చు ఫీజుని దాటిపోతుంది. కారు డిక్కీలో ఒక ప్లాస్టిక్ తొట్టి శాశ్వతంగా ఉంచండి. క్లీట్స్, షిన్‌గార్డులు, బంతి, ఒక జత మేజోళ్లు అందులోంచి ఇంట్లోకి రాకూడదు. ఐదూ ఇరవైకి "అమ్మా, ఇంకో షిన్‌గార్డు ఏదీ?" అనే కేక వింటే నేనెందుకు చెప్తున్నానో తెలుస్తుంది. తొట్టికి మూత మాత్రం పెట్టకండి. టెక్సస్ ఎండలో మూత తీసినప్పుడు వచ్చే వాసన మీ శత్రువులకి కూడా వద్దు.

హోంవర్క్ గ్రౌండు పక్కన కార్లో చేయించే తల్లుల్ని చూసి మీరూ మొదలుపెట్టకండి. ఒకడు ఆడుతుంటే ఇంకొకరు అక్కడే ఆడుకోనివ్వండి. శనివారం ఆటకీ, తెలుగు నేర్పే మనబడి క్లాసుకీ గొడవ వస్తుంది. సీజన్ షెడ్యూలు రాగానే ఆ తేదీలు మనబడి టీచరుగారికి చెప్పేస్తే వాళ్లు అర్థం చేసుకుంటారు, సగంమంది పిల్లలది అదే కథ.

కార్‌పూల్ మీలాంటివాళ్లకి వరం. అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ అందరూ అడుగుతారు. మొదటి ప్రాక్టీసులోనే మీ వైపు ఉండేవాళ్లెవరో కనుక్కోండి. మీకు లైసెన్స్ వచ్చేదాకా వాళ్లు దింపుతారు, బదులుగా మీ వారు శనివారాలు తీసుకెళ్లొచ్చు. పాపని ఎవరి కారులో పంపినా బూస్టర్ సీటు కూడా పంపాలి. టెక్సస్‌లో ఎనిమిదేళ్లలోపు పిల్లలకి, 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, చైల్డ్ సీటు తప్పనిసరి. టీముకి చిరుతిండి తెచ్చే స్నాక్ సైనప్‌లో మీ వంతు వస్తే నారింజ ముక్కలు, నీళ్లు చాలు. పల్లీ చిక్కీ మాత్రం వద్దు. టీములో ఒక్కరికి పీనట్ ఎలర్జీ ఉన్నా ప్రాణం మీదికి వస్తుంది.

గ్రౌండు పక్కన కూర్చున్నప్పుడు కోచింగ్ ఇవ్వకండి. "కుడివైపు కొట్టరా, అటు కాదురా!" అని తెలుగులో అరిస్తే ఎవరికీ అర్థం కాదనుకుంటాం. మన పిల్లాడికి అర్థమవుతుంది, అదే సమస్య. వాడు బంతి చూడాలా, నాన్నని చూడాలా? తిరుగు ప్రయాణంలో కూడా ఆట గురించి వాడు ఎత్తితేనే మాట్లాడండి.

దెబ్బలు తగులుతాయి. మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్కులో, ఎక్స్‌రే ఉన్న అర్జెంట్ కేర్ (చిన్న దెబ్బలకి అప్పటికప్పుడు చూసే క్లినిక్) ఏదో సీజన్ మొదలయ్యేముందే చూసి పెట్టుకోండి. టెక్సస్‌లో షాపింగ్ సెంటర్ల మధ్యలో "ఎమర్జెన్సీ" అని బోర్డున్న చిన్న భవనాలు కనిపిస్తాయి. అర్జెంట్ కేర్‌లాగే ఉంటాయి, బిల్లు మాత్రం హాస్పిటల్ ఎమర్జెన్సీ బిల్లే. చీలమండ బెణికితే అక్కడికెళ్లకండి. తలకి దెబ్బ తగిలి పిల్లాడు మగతగా ఉన్నా, వాంతి చేసుకున్నా మాత్రం ఖర్చు చూసుకోకుండా ఎమర్జెన్సీకే పరుగెత్తాలి. ఉరుము వినిపిస్తే ఆట ఆపి అందర్నీ కార్లలోకి పంపేస్తారు. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి. ఆకాశం బాగానే ఉంది కదా అని కోచ్‌తో వాదించకండి.

స్కూల్ టీము సంగతి రెండు ముక్కల్లో. ఏడో తరగతికి వచ్చాక డాక్టరు సంతకంతో ఫిజికల్ (ఆరోగ్య పరీక్ష) ఫాం ఇవ్వాలి, చాలా స్కూల్ డిస్ట్రిక్టులు ఏటా అడుగుతాయి. టెక్సస్‌లో 1984 నుంచి "నో పాస్, నో ప్లే" చట్టం ఉంది. గ్రేడింగ్ పీరియడ్‌లో ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే మూడు వారాలు పోటీల్లో ఆడనివ్వరు, ప్రాక్టీసు మాత్రం చేయొచ్చు. చదువు పాడవుతుందని భయపడే తాతయ్యలకి ఈ రూలు వినిపించండి, మనసు కుదుటపడుతుంది.

ఆటతో కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందన్న ఆశ మీద ఫీజులు కట్టకండి. హైస్కూల్లో ఆడేవాళ్లలో వందకి ఇద్దరికే కాలేజీ ఆటల స్కాలర్‌షిప్ దొరుకుతుందని కాలేజీ ఆటల్ని చూసే ఎన్‌సీఏఏ వాళ్లే చెప్తారు. ఐవీ లీగ్ కాలేజీలు ఆటల స్కాలర్‌షిప్‌లు అసలివ్వవు. ఆ 3000 డాలర్లు ఏటా 529 ప్లాన్ అనే కాలేజీ చదువు పొదుపు ఖాతాలో వేస్తే అదే పెద్ద స్కాలర్‌షిప్.

క్రికెట్ వద్దని కాదు. 2024 జూన్ 6న అమెరికా జట్టు సూపర్ ఓవర్లో పాకిస్తాన్‌ని ఓడించిన గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం మనకి ముప్పావుగంట దూరం. వేసవిలో మేజర్ లీగ్ క్రికెట్ ఆటలు అక్కడ కూడా జరుగుతాయి, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోనూ క్రికెట్ ఉంది. అకాడమీలు కూడా మన ఊళ్లోనే ఉన్నాయి. ఐతే క్రికెట్ యూఐఎల్ ఆటల్లో లేదు. స్కూల్లో వాడి క్లాసు పిల్లలు ఆడేది సాకర్, బాస్కెట్‌బాల్. కొత్తగా వచ్చిన పదేళ్ల పిల్లాడికి ముందు కావాల్సింది లంచ్ టేబుల్ దగ్గర పక్కన కూర్చునే నేస్తాలు. అందుకే మొదటి ఏడాది సాకర్ అన్నాను. క్రికెట్ ఆదివారం సాయంత్రం నాన్నతో పార్కులో టెన్నిస్ బంతితో ఆడుకోమనండి.

మీకు ముందుముందు ఈఏడీ (ఉద్యోగం చేసేందుకు అనుమతి కార్డు) వచ్చి ఉద్యోగంలో చేరితే ఒకటి గుర్తుంచుకోండి. తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తుంటే, 13 ఏళ్లలోపు పిల్లల వేసవి డే క్యాంపు ఫీజుని, అది సాకర్ క్యాంపు అయినా సరే, డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుకి జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఖాతా) నుంచి కట్టుకోవచ్చు. 2026 నుంచి దాని పరిమితి ఏడాదికి 7500 డాలర్లు. రాత్రిళ్లు అక్కడే ఉండే క్యాంపులకి కుదరదు.

ఇక అత్తయ్యగారు, మామయ్యగారు. తప్పకుండా గ్రౌండుకి తీసుకెళ్లండి. కానీ సెప్టెంబర్‌లో కూడా ఇక్కడ మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది, కాబట్టి ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల ఆటలకే. పైన గుడ్డ కప్పు ఉన్న మడత కుర్చీలు రెండు కొనండి, కాస్ట్‌కోలో సీజన్‌కి ముందు వస్తాయి. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు విమానం ఎక్కకముందే తీసుకోండి. గ్రౌండ్లో బాత్రూములు ఎంత దూరమో ముందు శనివారమే చూసుకోండి, కొన్నిచోట్ల పార్కింగ్ అవతలికి నడవాలి. మామయ్యగారు మొదటిరోజే మనవణ్ణి గోల్‌కీపర్‌గా ఎందుకు పెట్టారని కోచ్‌ని నిలదీస్తానంటారు. ఆయన్ని మీ వారి పక్కన కూర్చోబెట్టండి, కోచ్ పక్కన వద్దు.