ఖరీదైన ఆర్గానిక్ సీరం కొనాలా? ముందు సీసా వెనక్కి తిప్పండి

స్నేహితురాలు తెగ మెచ్చుకుంటున్న ఆర్గానిక్ ఫేస్ సీరం మీ పొడి చర్మానికి, బుగ్గల మీది నల్ల మచ్చలకి పనికొస్తుందా, అంత ధర పెట్టొచ్చా అని అడిగారు. వెనకాల ఏం రాసుందో చదివేదాకా కొనకండి. చదివాక చాలాసార్లు కొనాలనే అనిపించదు.

నాదీ పొడి చర్మమే. ఇలాంటి సీరం ఒకటి నాకు కానుకగా వచ్చింది. పెట్టె మీద ఏదో పువ్వు, నిండా బొమ్మ. వెనక పదార్థాల జాబితాలో ఆ పువ్వు ఎక్కడుందా అని వెతికితే చిట్టచివర, విటమిన్ ఈ తర్వాత దొరికింది. జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు, తక్కువున్నది తర్వాత. 1 శాతం కన్నా తక్కువున్నవి ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. విటమిన్ ఈ అంటే టోకోఫెరాల్, నూనె చెడిపోకుండా కాస్తంత కలుపుతారు. నీళ్లతో చేసిన సీరమైతే పాడవకుండా ఉంచే పొటాషియం సార్బేట్, చిక్కదనం ఇచ్చే జాంథన్ గమ్ లాంటివి ఉంటాయి. ఇవన్నీ మామూలుగా 1 శాతం లోపే. వీటి తర్వాత ఎంత గొప్ప మొక్క పేరు కనిపించినా అది ఉన్నది పేరుకే అనుకోవచ్చు.

నా సీసాలో మొదటి పేరు రోజ్‌హిప్ నూనె, అంటే అడవి గులాబీ కాయల గింజల నుంచి తీసే నూనె. దాంతో నాకో ఆలోచన వచ్చింది. విడిగా రోజ్‌హిప్ నూనె ఒకటి తెచ్చుకుని, కుడి బుగ్గకి సీరం, ఎడమ బుగ్గకి ఉత్త నూనె రాస్తూ పోయాను. సీసా అయిపోవచ్చాక ఏ వైపు బాగుందో చెప్పమని ఇంట్లోవాళ్లని అడిగాను. అమ్మ ఎడమ అంది, చెల్లి కుడి అంది, మా ఆయన "రెండూ బాగానే ఉన్నాయి" అని ఫోన్లో తల దూర్చాడు. రెండు బుగ్గలూ మెత్తబడ్డ మాట నిజం. మచ్చలు మాత్రం రెండువైపులా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క ముఖం మీద చూసినదాన్ని రుజువు అనను గానీ, నా డబ్బు సంగతి తేల్చుకోవడానికి అది చాలింది.

ఆర్గానిక్ అన్న ముద్ర మొక్కని ఎలా పండించారో చెబుతుంది, అది మీ ముఖానికి ఏం చేస్తుందో చెప్పదు. కాస్మోస్ అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం, రాసుకుని కడగకుండా ఉంచుకునే క్రీములూ సీరమ్‌లలో మొత్తం బరువులో కనీసం 20 శాతం ఆర్గానిక్ అయితే ఆ ముద్ర వేసుకోవచ్చు. మొక్కల పదార్థాలకి వేరే కఠినమైన నియమాలు ఉన్నాయి, కానీ నీటిని ఆర్గానిక్‌గా లెక్కపెట్టరు, అందుకే ఆ శాతం అంత తక్కువ. పైగా సహజం అన్నంత మాత్రాన దురద పెట్టదని కాదు. పరిమళం కోసం కలిపే లావెండర్, నారింజ తైలాల్లో ఉండే లినలూల్, లిమొనీన్ గాలి తగిలేకొద్దీ మారి కొందరికి ఎలర్జీ తెస్తాయి. జాబితాలో ఆ పేర్లుంటే, మీది త్వరగా ఎర్రబడే చర్మమైతే, నేనైతే వద్దంటాను.

మచ్చలే మీ అసలు బాధ అయితే ఆ డబ్బు ముందు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్‌కి పెట్టండి. ఎండ తగులుతున్నంత కాలం మీరు ఏం రాసినా మచ్చ మళ్లీ ముదురుతుంది. ఆ తర్వాత కావాలంటే నయాసినమైడ్ (విటమిన్ బీ3లో ఒక రకం) 4, 5 శాతం ఉన్నది, లేదా విటమిన్ సీ 10 నుంచి 20 శాతం ఉన్నది చూడండి. శాతం ఎంతో సీసా మీదే రాసే కంపెనీని నమ్మొచ్చు. విటమిన్ సీ అయితే ముదురు రంగు సీసాలో ఉండాలి. ద్రవం గోధుమరంగుకి తిరిగిందంటే అది పాడైనట్టే.

ధరని కూడా సీసాకింత అని చూడకండి. 30 ఎంఎల్‌లో సుమారు 600 చుక్కలు వస్తాయి. పూటకి ఐదు చొప్పున రెండు పూటలా రాస్తే రెండు నెలలకి ఖాళీ. మచ్చల్లో మార్పు తెలియడానికే 8 నుంచి 12 వారాలు పడుతుంది, అంటే పనిచేసిందో లేదో తేలకముందే రెండో సీసా కొనాల్సి రావచ్చు. మూత తీశాక ఎన్ని నెలలు వాడొచ్చో తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటుంది. నూనె సీరమ్‌లకి ఇది మరీ ముఖ్యం. నా సీసా అడుగుకి వచ్చేసరికి డ్రాపర్ రబ్బరు జిగటగా అయింది, పూల వాసన పోయి పాత నూనె కంపు మొదలైంది.

ఇంత చెప్పినా, ఆ పరిమళం, రాసుకునేటప్పటి హాయి నచ్చి కొంటానంటే కొనుక్కోండి, అందులో తప్పేముంది? కాకపోతే మచ్చలు పోతాయన్న ఆశతో వద్దు. కొనేముందు మీ స్నేహితురాలి దగ్గరే నాలుగు చుక్కలు అడిగి, మోచేతి మడతలో ఒకేచోట రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడండి. ఇక ఏదైనా మచ్చ పెరుగుతున్నా, అంచులు మారుతున్నా సీరమ్‌ల మాట పక్కనపెట్టి చర్మ వైద్యులకి చూపించుకోండి.