వెన్ను ఎండోస్కోపీ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గాటు చిన్నదని విని ఆపరేషన్‌కు నీవు సగం ఒప్పేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. అదే ఆపరేషన్ చేయించుకున్నవాడిగా, నీవు ముందుగా తేల్చుకోవలసిన సంగతులు రాస్తున్నాను.

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కడం వల్ల కాల్లోకి పాకే నొప్పికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. నడుము మాత్రమే నొప్పిగా ఉంటే అంత ధీమాగా చెప్పలేము. ఏ నొప్పీ ఎరుగని వారి ఎమ్మారైలోనూ డిస్కు ఉబ్బులు తరచుగా కనిపిస్తాయి గనుక, రిపోర్టులో రాసిన ఉబ్బు ఏ నరం దగ్గర ఉందో, నీ నొప్పీ తిమ్మిరీ ఆ నరం దారినే ఉన్నాయో లేదో డాక్టరుగారిని అడిగి చెప్పించుకో. రెండూ కలవకపోతే ఆపరేషన్ ఎంత చక్కగా జరిగినా నొప్పి అక్కడే ఉంటుంది.

తొందర కూడా పడకు. ఇలాంటి కాలి నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో మందులతో, వ్యాయామంతో తగ్గుముఖం పడుతుంది. అయితే మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళు.

ఈ ఆపరేషన్‌లో ఒక సెంటీమీటరు కన్నా చిన్న గాటులోంచి కెమెరా ఉన్న గొట్టాన్ని పంపి, సెలైన్ పారుతూ ఉండగా నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను తీసేస్తారు. పక్క నుంచి వెళ్ళే పద్ధతిలో చాలాసార్లు మత్తు ఆ చోటికే ఇస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు గనుక నరం తగిలితే తనే చెప్పగలడు. అట్టడుగు డిస్కుకు తుంటి ఎముక అడ్డు వస్తే వెనుక నుంచి వెళతారు. కండరాలకు దెబ్బ తక్కువ కాబట్టి త్వరగా లేచి నడవవచ్చు. కానీ కొన్ని నెలలు గడిచాక కాలి నొప్పి తగ్గుదలలో, మైక్రోస్కోపుతో చేసే ఆపరేషన్‌కూ దీనికీ పెద్ద తేడా ఉండదు. అందుకే నేనైతే గాటు కన్నా చేసే చేతికే విలువ ఇస్తాను; ఈ పని పట్టుబడడానికి సర్జన్లకు చాలా సాధన కావాలి. ఇలాంటివి ఎన్ని చేశారో, మధ్యలో కుదరకపోతే ఏ పద్ధతికి మారతారో మొహమాటం లేకుండా అడుగు. నరాల పొర చిరగడం, ముక్క మిగిలిపోవడం, కాల్లో కొత్తగా మంట పుట్టడం, అదే డిస్కు మళ్ళీ జారడం వంటివి కొందరికి జరుగుతాయి. డిస్కు కాక వెన్నుపూసే జారి కదులుతూ ఉంటే, దాన్ని బిగించడానికి స్క్రూలు వేయవలసి రావచ్చు.

తరువాత కొన్ని వారాలు వంగి బరువులెత్తకు. తిమ్మిరి నొప్పి కన్నా నెమ్మదిగా తగ్గుతుంది, దానికి కంగారు పడకు. సిగరెట్టు మాత్రం ఇప్పుడే మానెయ్యి.

ఇట్లు,
మామయ్య