మోకాలి ఆపరేషన్ అయిన స్ట్రైకర్: ఆట మానాలా, ఆడుతూనే కోచ్ కావాలా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మావాడికి 22 ఏళ్లు. బీకాం 54 శాతంతో పాసయ్యాడు. ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్. రెండేళ్లుగా బెంగళూరు డివిజన్ లీగుల్లో ఆడుతున్నాడు, ఏడాదికో క్లబ్బు. పోయిన సీజన్‌లో మోకాలికి ఏసీఎల్ (మోకీలును పట్టి ఉంచే లిగమెంట్) ఆపరేషన్ అయింది. ఇక ఆట చాలు, కోచ్ అవుతానంటున్నాడు. యూరప్‌లో ట్రయల్స్ ఇప్పిస్తానని ఒకాయన 3 లక్షలు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆట మానొద్దనండి, కోచింగ్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టమనండి. ముప్పై రెండేళ్లొచ్చి కాళ్లు మొరాయించాక లైసెన్స్ కోసం బయల్దేరేవాళ్లు, ఇంట్లో పెళ్లాం పిల్లలుండగా, పదేళ్ల పిల్లలకు ఆట నేర్పే మొదటి మెట్టు దగ్గర నిలబడాల్సి వస్తుంది. ఆ మెట్టు 22లో ఎక్కితే భారం అనిపించదు.

ముందు కాగితాల సంగతి చూద్దాం. బెంగళూరులో ఎన్ని గోల్స్ కొట్టినా, ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటా దరఖాస్తులో అవి దాదాపుగా లెక్కకు రావు. కేంద్ర ప్రభుత్వ కోటాలో అంతర్జాతీయ పోటీకి ఫారం 1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీ ఆడితే ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి ఫారం 3, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం 4 ఇస్తారు. డివిజన్ లీగుకు ఫారమే లేదు. ఊళ్లు మారుతూ క్లబ్బులు మారుతూ తిరిగే ఆటగాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. రాష్ట్రాల జట్లు తలపడే జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీకి ఆంధ్రప్రదేశ్ సెలక్షన్లు జరిగే రోజుల్లో వీళ్లు బయటి ఊళ్లో మ్యాచ్ ఫీజు కోసం ఆడుతుంటారు.

మీవాడికి ఇంకా దారి ఉంది. వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష పీఈసెట్‌కు వెళ్లి, రెండేళ్ల వ్యాయామ విద్య డిగ్రీ బీపీఈడీలో చేరమనండి. డిగ్రీలో 50 శాతం దాటాడు కాబట్టి మార్కుల అడ్డంకి లేదు. రెగ్యులర్ విద్యార్థిగా ఉంటే, 25 ఏళ్లు దాటకుండా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడొచ్చు, అంటే ఫారం 3 చేతికొస్తుంది. ఆ బీపీఈడీతోనే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టుకు అర్హత కూడా వస్తుంది. దూరవిద్యలో బీపీఈడీ అని ఎవరైనా ప్రకటన ఇస్తే ఆ గుమ్మం తొక్కకండి, చెల్లదు. పీఈసెట్‌లో రాతపరీక్ష ఉండదు. పరుగు, షాట్‌పుట్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు, ఆటలో నైపుణ్యం చూస్తారు. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత పోటీ ఆటకు 9 నెలలైనా ఆగాలి. ఆపరేషన్ చేసిన కాలి తొడ బలం రెండో కాలితో సమానమైందని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా వేగంగా పరుగెత్తనివ్వకండి. తొందరపడితే అదే లిగమెంట్ మళ్లీ తెగొచ్చు.

రైల్వే క్రీడా కోటాకు వయసు 18 నుంచి 25, సడలింపు లేదు. నోటిఫికేషన్‌లో ఫుట్‌బాల్ అని మాత్రమే చూసి సంబరపడొద్దు, ఏ స్థానం ఆటగాడు కావాలో కూడా చూడాలి. గోల్‌కీపర్ ఖాళీకి స్ట్రైకర్ దరఖాస్తు పెడితే ఫీజు దండగ.

ఇక కోచింగ్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మెట్లు ఇవీ: మొదట ‘ఈ’ (E) సర్టిఫికెట్, తర్వాత డి, సి, బి, ఏ, చివరికి ప్రో. ‘ఈ’, డి రెండూ రోజుల్లో అయిపోయే కోర్సులు. బి నుంచి పైకి నెలల వ్యవహారం, ఖర్చూ ఎక్కువే. ఒక్కో మెట్టుకు మధ్య నిజంగా జట్టును నడిపిన అనుభవం అడుగుతారు. కాబట్టి డి చేతికి రాగానే ఏదో ఒక అండర్-13 జట్టు పట్టుకోవాలి. అనంతపురంలో స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ పుణ్యమా అని పల్లెల్లోనూ ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లలు, మగపిల్లలు ఉన్నారు. ఈ విషయంలో మన జిల్లా కర్నూలు, కడపల కంటే నయం.

స్ట్రైకర్లు కోచ్‌లయ్యాక చేసే తప్పు దాదాపు అందరిదీ ఒకటే. పన్నెండు మందిని ఒకే వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరితో గోల్‌కు షాట్ కొట్టిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ గంటలో ఒక్కో పిల్లాడు బంతిని తాకేది కాసేపే. దాని బదులు 16 మందిని నాలుగు జట్లు చేసి, 30 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పున్న రెండు గళ్లల్లో నలుగురితో నలుగురిని ఆడించాలి. నాలుగు నిమిషాల ఆట, నిమిషం విశ్రాంతి, ఆపై ప్రత్యర్థి జట్టును మార్చాలి. డి కోర్సు పరీక్షకులు చూసేది కూడా ఇలాంటి ఏర్పాటునే. కోచ్ తానెంత బాగా షాట్ కొడతాడో వాళ్లకు పట్టదు. రెండో లోపం రక్షణ. ఇరవై ఏళ్లు గోల్ వైపే చూసినవాడికి తన వెనక డిఫెండర్ల వరుస ఎలా కదులుతుందో తెలియదు. అందుకే మీవాడిని ఈ సీజన్ మ్యాచ్‌లు గోల్ వెనక నుంచి చూడమనండి. సెంటర్ బ్యాక్‌లు (మధ్యలో నిలబడే డిఫెండర్లు) ఇద్దరి మధ్య దూరం ఎప్పుడు పెరుగుతోందో రాసుకోమనండి. మన గరుసు నేలకు లోహపు స్టడ్లున్న బూట్లు పనికిరావు, పిల్లల చీలమండలు తిరగబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరుకే మొదలుపెట్టి ఏడున్నరకు ముగించాలి.

పెద్ద ఆటగాడు కాకపోయినా కోచ్‌గా ఎదగొచ్చా అంటే, ఎదగొచ్చు. ఇంగ్లండ్‌లో పాల్ వార్న్ కింది డివిజన్లలో ఎన్నో క్లబ్బులకు తిరిగిన ఫార్వర్డ్. ఆట ఆపాక రోథర్‌హామ్‌లో ఫిట్‌నెస్ కోచ్‌గా చేరి, తర్వాత మేనేజరై (అక్కడ ప్రధాన కోచ్‌ను అలా అంటారు), 2018, 2020, 2022లో మూడుసార్లు జట్టును మూడో డివిజన్ నుంచి పైకి తెచ్చాడు. మధ్యలో రెండుసార్లు కిందికీ దిగారు, ఈ ఉద్యోగమే అంత. మన దేశంలో మిడ్‌ఫీల్డర్ ఖాలిద్ జమీల్ ముంబయి ఎఫ్‌సీలోనే ఆట ముగించి, 2009లో అక్కడే కోచ్ అయ్యాడు. 2017లో చిన్న క్లబ్బు ఐజ్వాల్‌కు జాతీయ క్లబ్బుల పోటీ ఐ-లీగ్ టైటిల్ తెచ్చి, 2025లో భారత జట్టు కోచ్ అయ్యాడు.

జీతం మీద మాత్రం ఆశలు తగ్గించుకోండి. 2025లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ సీజనే సమయానికి మొదలు కాలేదు. పైవాళ్ల పరిస్థితే అలా ఉంటే రాష్ట్ర లీగుల్లో నోటి మాట ఒప్పందాల సంగతి చెప్పక్కర్లేదు. మళ్లీ ఆడేటప్పుడు నెలకెంత, గాయమైతే వైద్యం ఎవరిది, ఎన్‌ఓసీ (వేరే క్లబ్బుకు వెళ్లేందుకు అనుమతి పత్రం) ఎప్పుడిస్తారు అనే మూడూ కాగితం మీద రాయించుకోమనండి. సమాఖ్య ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో పాత క్లబ్బు వదలకపోతే కొత్త క్లబ్బుకు ఆడలేడు. ఫిఫా నిబంధన ప్రకారం ఒక సీజన్‌లో మూడు క్లబ్బులకు నమోదు కావొచ్చు, అధికారిక మ్యాచ్‌లు మాత్రం రెండింటికే.

యూరప్ ట్రయల్స్ పేరుతో అడిగే 3 లక్షలు ఇవ్వకండి. ఆ ఏజెంటు పేరు ఫిఫా వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్నవాళ్ల జాబితాలో ఉందో లేదో చూడండి. తర్వాత, ఆహ్వానం పంపిన క్లబ్బుకు వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు మీరే మెయిల్ రాసి అడగండి. ఏజెంటు ఇచ్చిన మెయిల్‌కు రాస్తే జవాబు ఇచ్చేది ఆయనే.