మీ ప్రశ్నలకు జవాబులు: వెండి ఓడలు, డచ్చివారు

ప్రశ్న: కరేబియన్ సముద్రంలో స్పెయిన్ వెండి ఓడలను డచ్చివారు కొల్లగొట్టారని విన్నాను. వారిని సముద్రపు దొంగలనే అనాలా? మా ఊరి వలందపాలెంలో ఉండిన డచ్చి కంపెనీయే ఆ పని కూడా చేసిందా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ముందుగా రెండో సందేహం తీర్చుకుందాం. బందరులో వర్తకం చేసినది 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ. కరేబియన్‌లో స్పెయిన్ ఓడల వెంటపడినది 1621లో పుట్టిన వెస్టిండియా కంపెనీ. స్పెయిన్ పాలన మీద తిరగబడి పోరాడుతున్న డచ్చివారు దానితో కుదుర్చుకున్న పన్నెండేళ్ల సంధి గడువు తీరిన ఏడాదే ఇది పుట్టడం కాకతాళీయం కాదు. వర్తకం ఎంత ముఖ్యమో, శత్రువును దెబ్బతీయడం కూడా దానికి అంతే ముఖ్యం.

పెరూ, మెక్సికో గనుల వెండి ఏటా ఓడల బారులుగా హవానా మీదుగా స్పెయిన్‌కు చేరేది. యూరప్‌లో స్పెయిన్ సైన్యాల జీతాలకూ, రాజు అప్పులు తీర్చడానికీ ఆ వెండే ఆధారం కనుక, దానిని దారిలోనే పట్టుకుంటే శత్రువుకు ఊపిరాడదన్నది డచ్చివారి లెక్క. ఆ లెక్కను నిజం చేసినవాడు వెస్టిండియా కంపెనీ నౌకాదళ నాయకుడు పీట్ హైన్. యువకుడిగా స్పెయిన్‌వారికి చిక్కి నాలుగేళ్లపాటు వారి ఓడల్లో తెడ్లు వేసిన ఖైదీ ఈయన. తరువాత కొంతకాలం ఈస్టిండియా కంపెనీ కొలువులోనూ ఉన్నాడు.

1628 సెప్టెంబరులో 31 ఓడలతో ఆయన క్యూబా తీరంలో కాపు వేశాడు. మెక్సికో నుంచి హవానాకు వస్తున్న దండుకు నాయకుడైన హువాన్ దె బెనవిడెస్, దారి మూసుకుపోయిందని గ్రహించి, ఓడలను మతాంజాస్ అఖాతంలోకి మళ్లించాడు. సరుకును గట్టుకు చేర్చి దాచవచ్చనుకున్నాడు కాబోలు. నిండా సరుకుతో బరువెక్కిన ఆ ఓడలు లోతులేని నీళ్లలో ఇసుకకు తగిలి కూరుకుపోయాయి. డచ్చి పడవలు దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఓడలు విడిచి ఒడ్డుకు పారిపోయారు. చెప్పుకోదగ్గ పోరాటమే జరగలేదు. వెండి ఒక్కటే సుమారు 1,77,000 పౌన్ల బరువు. దానితోపాటు బంగారం, ముత్యాలు, నీలిమందు, తోళ్లు. మొత్తం విలువను సుమారు కోటి 15 లక్షల గిల్డర్లుగా (గిల్డరు అప్పటి డచ్చి నాణెం) లెక్కగట్టారు. బెనవిడెస్‌ను స్వదేశంలో విచారించి 1634లో మరణశిక్ష అమలు చేశారు.

ఇక వారు దొంగలా కాదా అన్న మాట. దొంగకు దొరికినదంతా తనదే. వీరికి మాత్రం ప్రభుత్వ పరవానా ఉండాలి, శత్రువు ఓడనే పట్టాలి, పట్టిన సరుకును ఇంటికి తెచ్చి లెక్క అప్పగించాలి. ఆపైనే పంపకం. మతాంజాస్ సొమ్ములో పాలకుడైన ఆరెంజ్ యువరాజుకు వాటా వెళ్లింది, వాటాదారులకు భారీ డివిడెండ్ ముట్టింది, మరుసటి ఏడాది స్పెయిన్ చేతిలో ఉన్న సెర్టోగెన్‌బాస్ పట్టణ ముట్టడికీ అది అక్కరకు వచ్చింది. నావికులకు దక్కినది దాదాపు పదిహేడు నెలల జీతం. మామూలు రోజుల్లో అది తక్కువ మొత్తమేమీ కాదు గానీ, పెట్టెలు స్వయంగా మోసి కళ్లారా చూసినవారికి అది ఏ మూలకు సరిపోతుంది? ఆమ్‌స్టర్‌డామ్‌లో అల్లర్లు చెలరేగాయి. వారి కోపం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఇలాంటి విజయం డచ్చివారికి మళ్లీ దక్కలేదు. ‘కొయ్యకాలు’ అని పేరుబడ్డ కంపెనీ నౌకా నాయకుడు కొర్నేలిస్ యోల్ 1638లో క్యూబా దగ్గరే మరో వెండి దండుపై పడి, తన కెప్టెన్లలో కొందరు వెనకంజ వేయడంతో ఉత్త చేతులతో తిరిగి వెళ్లాడు. విడి ఓడలను పట్టడంలో మాత్రం కంపెనీకి లోటు రాలేదు. 1623 నుంచి 1636 వరకు 500కు పైగా చిక్కాయి.

కాబట్టి డచ్చి చట్టం ప్రకారం వీరు దొంగలు కారు. అయితే స్పెయిన్ దృష్టిలో డచ్చివారు తన మీద తిరగబడిన ప్రజలు; అలాంటివారు ఇచ్చిన పరవానాకు విలువేమిటన్నది దాని వాదన. 1648లో మ్యూన్‌స్టర్ సంధితో స్పెయిన్ ఆ దేశపు స్వాతంత్ర్యాన్ని అంగీకరించింది. యుద్ధం ముగియడంతో స్పెయిన్ ఓడలపై దాడికి పరవానా ఇవ్వడానికి ఆధారమే లేకుండా పోయింది. ఆ తరువాత అదే పని చేసే డచ్చివాణ్ణి సొంత న్యాయస్థానమే దొంగ అనవలసి వచ్చేది.