విమానంలో పొగ వస్తే ఆక్సిజన్ మాస్కులు ఎందుకు వదలరు? అప్పుడు ప్రయాణికులు ఏం చేయాలి?

మాస్కుల సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. పైనుంచి వేలాడే ఆ పసుపు మాస్కు క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోయినప్పుడు వాడటానికి. అందులో వచ్చే ఆక్సిజన్‌తో పాటు చుట్టూ ఉన్న గాలి కూడా కలుస్తుంది. అంటే పొగలో అది పెట్టుకున్నా పీల్చేది పొగే. పైగా ఎక్కడో మంట ఉందని తెలిసీ ఆక్సిజన్ ఎవరు వదులుతారు? కాబట్టి మాస్కు రాలేదని క్రూ మీద అరవకండి.

తొమ్మిదేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేశాను. నన్నడిగితే విమానంలో పొగ కంటే ప్రమాదం మొహమాటం. నవ్వకండి, ఇది విన్నాక చెప్పండి.

రాత్రి ఫ్లైట్. లైట్లు తగ్గించేశాం, బిజినెస్ క్లాస్‌లో అందరూ సగం నిద్రలో ఉన్నారు. నీళ్ల గ్లాసులు పట్టుకుని నడుస్తుంటే ఒక వరస దగ్గర నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి ఘాటు వాసన తగిలింది. ఆగాను. కిటికీ పక్కనున్న ఆవిడ చిన్న గొంతుతో, "పది నిమిషాల నుంచి వస్తోందండీ, మీరు పనిలో ఉన్నారు కదా అని పిలవలేదు" అన్నారు. పది నిమిషాలు! ఆవిడ పక్కాయన సీటు సందులో చెయ్యి పెట్టి తెగ గెలుకుతున్నారు. ఫోన్‌కి తగిలించిన పవర్ బ్యాంక్ జారి లోపల పడిందట, మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అని తనే బటన్ నొక్కి సీటుని ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నారు. అది మోటారుతో కదిలే సీటు. కింద ఇనుప చట్రంలో ఆ పవర్ బ్యాంక్ అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతోంది.

"సార్, బటన్ వదిలేయండి" అంటుండగానే టప్‌మని శబ్దం, సందులోంచి బూడిదరంగు పొగ, దాని వెనకే వేలెడు మంట. వాళ్లిద్దరినీ లేపి వెనక్కి పంపేశాను. ఒక సహోద్యోగి ఇంటర్‌ఫోన్‌లో కెప్టెన్‌కి చెబుతుంటే ఇంకొకరు మంటలార్పే హేలాన్ వాయువు సిలిండర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. సందులోకి కొట్టాను, మంట చచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మేం అనుకోలేదు, ఎందుకంటే మంట ఆరినంత మాత్రాన బ్యాటరీ లోపలి వేడి పోదు, ఒక సెల్ నుంచి పక్క సెల్‌కి పాకుతూనే ఉంటుంది. అనుకున్నట్టే కాసేపటికి మళ్లీ పొగ. ఇక నీళ్లే. తాగే నీళ్ల సీసాలు ఒకదాని తర్వాత ఒకటి ఆ సందులో కుమ్మరించాం, అవి చాలక సోడా కూడా. వెనకనుంచి ఒకాయన "ఐసు వేయండి, ఐసు" అని ఒకటే సలహా. ఐసుతో కప్పితే వేడి బయటికి పోకుండా లోపలే ఉండిపోతుంది సార్, అని చెప్పే ఓపిక అప్పుడు నాకు లేదు.

ఆ పది నిమిషాల గురించే ఇప్పటికీ ఆలోచిస్తుంటాను, ఎందుకంటే మంట విషయంలో ఒక్కో నిమిషం లెక్కే. 1983లో ఎయిర్ కెనడా 797 విమానంలో వెనక టాయిలెట్ నుంచి పొగ వచ్చింది. క్రూ ప్రయాణికుల్ని ముందుకు జరిపి, ముక్కుకి అడ్డం పెట్టుకోమని తడి టవళ్లు పంచారు. విమానం సిన్సినాటిలో దిగింది కూడా. కానీ తలుపులు తెరిచి బయటి గాలి లోపలికొచ్చాక నిమిషం, నిమిషంన్నరలోనే లోపలంతా భగ్గుమంది. ఉన్న 46 మందిలో 23 మంది పోయారు. టాయిలెట్లలో స్మోక్ డిటెక్టర్లు, నడవా వెంట నేల మీద వెలిగే దారి లైట్లు ఆ తర్వాతే తప్పనిసరి అయ్యాయి. తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని ఆపదు. అందుకే గుడ్డ అడ్డం పెట్టుకుని వంగి నడవండి, ఎక్కేటప్పుడే మీ సీటు నుంచి తలుపు దాకా ఎన్ని వరసలో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు పనిచేయవు, చేతులతో తడుముకుంటూ వెళ్లాల్సిందే.

బ్యాగుల గురించి మాట్లాడితే నాకు బీపీ వస్తుంది. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో మండుతున్న ఎ350 విమానం నుంచి 379 మందీ బయటపడ్డారంటే, సామాను వదిలేసి కదిలారు కాబట్టే. మనవాళ్లయితే ముందు వీడియో, తర్వాత బ్యాగు, తర్వాత ప్రాణం. ఇంకొకటి, దయచేసి విమానంలో బూట్లు విప్పకండి. ఇంజన్ ఆయిల్ ఆవిరి క్యాబిన్ గాలిలో కలిస్తే అచ్చం మురికి సాక్సు వాసనే వస్తుంది. అది ఆయిలో, 14సి ప్రయాణికుడి పాదాలో తేల్చుకోవడానికి నేను వంగి వాసన చూసిన రోజులున్నాయి.

అన్నట్టు, ఏసీ సందుల్లోంచి వచ్చే తెల్లటి పొగమంచు చూసి కూడా మమ్మల్ని పిలిచేవాళ్లు ఉంటారు. అది గాలిలోని తేమ చల్లబడి ఏర్పడే సన్నటి నీటి తుంపర. అయినా పిలవండి, వందసార్లు పిలవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ రాత్రి కెప్టెన్ దగ్గర్లో ఉన్న విమానాశ్రయంలో దించేశారు. బొగ్గయిపోయిన పవర్ బ్యాంక్‌ని నీళ్లు నింపిన డబ్బాలో పెట్టి ఒకరం కాపలా కాశాం. దిగేటప్పుడు ఆ పవర్ బ్యాంక్ ఆయన మొహమాటపడుతూ నా దగ్గరికి వచ్చారు. క్షమాపణ చెబుతారనుకున్నాను. "ఏమీ అనుకోకండి, కేబుల్ బానే ఉంటే ఇస్తారా?" అన్నారు.