ఫైర్ ఇంజనీరింగ్‌కి ఆరు లక్షల అప్పు చేయొచ్చా?

ప్రశ్న: తమ్ముడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడండీ, ఓ ప్రైవేట్ కాలేజీ వాళ్లు ఫైర్ అండ్ సేఫ్టీ బీటెక్‌కి ఆరు లక్షలవుతుంది, జాబ్ గ్యారంటీ అంటున్నారు. అప్పు చేసి చేర్పించమంటారా?
- ఓ అక్క, విజయనగరం

జవాబు: తొందరపడకమ్మా. ముందు కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ), నాగపూర్‌లో నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ చూడండి, రెండూ ప్రభుత్వానివే, ఎంట్రన్స్ రాయాలి. కార్మికులు ఎక్కువమంది ఉండే పెద్ద ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్‌ని పెట్టాల్సిందేనని చట్టంలోనే ఉంది కాబట్టి డిగ్రీకి విలువుంది, కాకపోతే మొదట్లో షిఫ్ట్ డ్యూటీలు, జీతం కూడా ఓ మోస్తరే, అందులోంచే ఈఎంఐ కట్టాలంటే పిల్లాడు నలిగిపోతాడు. గ్యారంటీ మాట నాకైతే నచ్చలేదు. పోయినేడాది పాసైన నలుగురి ఫోన్ నంబర్లు అడగండి, ఇవ్వకపోతే అక్కడ ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.